చచ్చిన నేల మీద వాన

గోరంట్ల నుంచి కదిరి పోయే దారిలో, ఒకప్పుడు చెనక్కాయ తప్ప ఇంకో పైరు ముఖం చూడని ఎర్రమట్టి చేలల్లో, పడుకున్న ఏనుగులా ఒక అద్దాల భవనం ఉంది. దాని మీదుగా ఎగిరే కొంగలు అద్దంలో తమ నీడ చూసుకుని, ఎదురుగా ఇంకో గుంపు వస్తోందనుకుని మర్యాదగా పక్కకు తప్పుకుంటాయి. లోపలి చలి సంగతి చెప్పనే అక్కర్లేదు. మే నెలలో బయట బండల మీద రొట్టె కాల్చుకోవచ్చు. లోపల మాత్రం జనం స్వెట్టర్లు వేసుకుని చేతులు రుద్దుకుంటూ ఉంటారు. ఒకసారి కాపలా ఉండే ఓబులేష్ పక్క తలుపు వెయ్యడం మరిచిపోతే, ఆ గాలి తగిలి రోడ్డు అవతల మేస్తున్న మేకలన్నీ తుమ్మాయట. నమ్మనివాళ్లు మేకల్నే అడగొచ్చు. అవి ఇంతవరకూ కాదనలేదు.

అది వీడియో గేములు తయారుచేసే కంపెనీ. ఊరికే చిన్నాచితకా కంపెనీ కాదు, సముద్రాల అవతల పుట్టి నాలుగు దేశాల్లో కాళ్లు చాపింది. కథ అల్లేవాళ్లు అవతల ఉంటారు. బొమ్మలు గీసేవాళ్లు బెంగళూరులో ఉంటారు. భూమి చవకగా దొరికిన ఈ చోట ఉండేది ఆటను విరగ్గొట్టే సైన్యం. ఆ సైన్యంలో ఒకతె తిరుపాలమ్మ.

"ఆడుకునేదానికి జీతమా?" అని వాళ్లవ్వ నాగలక్ష్మమ్మ మొదట్లో ముక్కున వేలేసుకుంది.

"ఆడుకునేది కాదవ్వా. ఆటలో తప్పులు పట్టేది. పెళ్లి భోజనంలో రాళ్లు ఏరేదానిమాదిరి."

అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. ఆడుకునేవాడు తలుపు తీసుకుని లోపలికి పోతాడు, అంతే. తిరుపాలమ్మ ఆ తలుపును తీస్తుంది, మూస్తుంది, సగం తీసి కత్తితో పొడుస్తుంది, గుర్రాన్ని అడ్డంగా నిలబెట్టి మూస్తుంది, గుర్రం దిగి మళ్లీ తీస్తుంది. పొద్దున నుంచి సాయంత్రం దాకా కోటగోడలను భుజంతో రాసుకుంటూ నడుస్తుంది, ఎక్కడైనా గోడ ఉండీ లేనట్టు ఉందేమోనని. ఎక్కడో ఒకచోట కాలు భూమిలోంచి జారి, వీరుడు నీలం రంగు శూన్యంలోకి పడిపోతాడు. అప్పుడు ఆమె సంబరంగా "దొరికింది" అనుకుని, ఏ చోట, ఏం చేస్తే, ఏమైందో రిపోర్టు రాస్తుంది. అలాంటి తప్పును అక్కడ బగ్ అంటారు. ఆ రిపోర్టు చూసి ప్రోగ్రాం రాసేవాళ్లు దిద్దుతారు. మర్నాడు దిద్దిన ఆట వస్తుంది, ఆ దిద్దుబాటు ఇంకెక్కడో కొత్త కన్నం పెట్టి ఉంటుంది. మళ్లీ మొదటి తలుపు దగ్గర నుంచి మొదలు.

అక్కడ మెడలో వేసుకునే ట్యాగు తాడు రెండు రంగుల్లో ఉంటుంది. నీలం తాడు వాళ్లు కంపెనీ మనుషులు. పసుపు తాడు వాళ్లు కాంట్రాక్టు మనుషులు. పసుపు తాడు వాళ్లకు ముందు గేటు లేదు, పక్క గేటే. మేడ మీద కిటికీలున్న క్యాంటీను లేదు, కింద కిటికీల్లేని హాలులో డబ్బా విప్పుకోవాలి. ఆట పూర్తయ్యాక చివర్లో తెర మీద పేర్లు వేస్తారు. వంట చేసినాయన పేరూ, పిల్లి పేరూ వస్తాయి గానీ పసుపు తాడు పేరు రాదు. పైగా చెయ్యి ఆగకూడదు. కొద్ది నిమిషాలు కీ నొక్కకుండా ఊరికే కూర్చుంటే, ఆ వరసను చూసుకునే హరినాథ్ కంప్యూటర్లో ఎర్రగా ఒక గుర్తు వెలుగుతుంది.

తిరుపాలమ్మది పసుపు తాడు. డిగ్రీ చదివింది, కదిరిలో కంప్యూటరు నేర్చుకుంది, ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తుంటే ఉంటానా ఊడతానా అని గుండె పట్టుకుని బతుకుతోంది. చేరిన రోజున ఆఫీసు పిల్ల ఒకతె, "పేరు చాలా పెద్దదిగా ఉంది, ట్యాగులో పట్టదు. టీనా అని వేద్దామా?" అని అడిగింది.

"మా అవ్వ వాళ్లమ్మ పేరు అది. పట్టకపోతే ట్యాగు పెద్దది చేపీయండి," అంది తిరుపాలమ్మ.

చేయించారు. ఆ భవనంలో అంత పొడవు ట్యాగు ఇంకోటి లేదు. దాన్ని వేసుకుని తిరుపాలమ్మ తలుపుల్లోంచి పక్కకు తిరిగి పోవాల్సి వస్తుందని పక్క కుర్చీలో కూర్చునే ఆంజి అందరికీ చెప్పేవాడు. ఆంజిది కదిరి. మీసం పెద్దది, గొంతు ఇంకా పెద్దది.

ఈ ఏడు మాత్రం నీలం తాడు ఆమెకే అని హరినాథ్ మాట ఇచ్చాడు. హరినాథ్ కాకినాడ మనిషి, చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చే చీవాట్లన్నీ తనే మింగి, అరగక మధ్యాహ్నానికి కడుపు పట్టుకునే రకం. "ఈ ఆట బయటికి వెళ్లేలోపు పెద్ద గొడవేం రాకుండా చూసుకో తిరుపాలమ్మా. నీ కాగితం నా టేబుల్ మీదే ఉంది," అన్నాడు.

ఆ ఆట పెద్ద యుద్ధాల ఆట. కోటలు, సముద్రాలు, మంచుకొండలు అన్నీ ఉన్నాయి. పశ్చిమాన ఒక ప్రాంతం ఉంది, దాని పేరు "చచ్చిన నేల". రాజు ఏదో పాపం చేస్తే అక్కడ శాపం తగిలి వాన పడదు. ఆట మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా ఒక్క చినుకు పడకూడదని కథ రాసినవాళ్లు గట్టిగా రాసిపెట్టారు. నల్లటి బండగుండ్లు, ముళ్లపొదలు, నీళ్లు ఎండిపోయిన వంక, దుమ్ము రేపుతూ తిరిగే నాలుగు గొర్రెలు. ఆ నేలను పరీక్షించే పని తిరుపాలమ్మకు వచ్చింది.

మొదటిసారి తెర మీద చూసి ఆమె పగలబడి నవ్వింది. "ఏం ఆంజన్నా, ఇది మా ఊరి బయలే గదా. ఈ గుండు మీదనే గదా మేం బట్టలు ఆరేస్తాం."

"ఊరికి శాపం తగిలిందంట పాపా. కథలో రాసినారు," అన్నాడు ఆంజి.

"శాపమా? బోరు ఎండిపోతే శాపమంటారా?"

పొద్దున్నుంచి చచ్చిన నేల మీద నడిచి, సాయంత్రం కంపెనీ బస్సు దిగి, ఊరి దాకా నిజం నేల మీద నడిచేది. కొన్నిసార్లు ఏది ఏదో తెలిసేది కాదు. ఒకరోజు ఇంటి దారిలో గుండును భుజంతో రాసుకుంటూ నడుస్తోందని, గొర్రెలు కాసే ముసలాయన వచ్చి నాగలక్ష్మమ్మకు చెప్పి, పిల్లకు దిష్టి తియ్యమన్నాడు.

వాన సంగతి ఇలా మొదలైంది.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూడా ఎర్ర గుర్తు వెలగకుండా ఆంజి ఒక ఉపాయం కనిపెట్టాడు. చెనక్కాయ పొట్టు విరిచి కీ సందులో దోపితే, కీ నొక్కినట్టే ఉండిపోతుంది. మనిషి పని చేస్తున్నాడనుకుని కంప్యూటరు నోరు మూసుకుంటుంది. ఆ రోజు తిరుపాలమ్మ తన వీరుణ్ణి ఎండిన వంక పక్కన నిలబెట్టి, కూర్చునే కీ సందులో పొట్టు దోపింది. వీరుడు కూర్చున్నాడు. తిరుపాలమ్మ కింద హాలుకు పోయి, సంగటి ముద్ద మింగి, చెయ్యి కడుక్కుని, ఆంజితో నాలుగు మాటలాడి, తీరిగ్గా వచ్చి చూసింది.

తెర మీద గొర్రెలు వచ్చి వీరుడి చుట్టూ కూర్చున్నాయి. మామూలుగా వీరుణ్ణి చూస్తే అవి పరిగెత్తి పోతాయి. ఎవడైనా కత్తి పట్టుకుని తిరిగేవాడే గానీ, ఆ ఆటలో ఊరికే కూర్చున్నవాణ్ణి అవి అంతవరకు చూడలేదు. వాటి మీద నీడ పడింది. నీడ ముదిరింది. ఆ తర్వాత, చచ్చిన నేల మీద, టపటపమని వాన.

తిరుపాలమ్మ లేచి నిలబడింది. "ఆంజన్నా," అని పిలిచింది.

ఆంజి వచ్చాడు. వెనక సీటు హేమలత వచ్చింది. కుళ్లాయప్ప వచ్చాడు. ఆ వరసలో అందరూ చుట్టుపక్కల వాళ్లే. ఆ వైపు పల్లెల్లో మొదటి వానలో ఎవరూ చెప్పులతో నిలబడరు. కుళ్లాయప్ప ముందుగా బూట్లు విప్పాడు. తర్వాత ఒక్కొక్కరే విప్పారు. కాపలా ఓబులేష్ గుంపును చూసి ఏదో గొడవ అనుకుని లాఠీతో వచ్చి, తెర చూసి, లాఠీ గోడకు ఆనించి తనూ విప్పాడు.

ఆ రోజు తిరుపాలమ్మ చాలా రిపోర్టులు రాసింది. ఒక గుండు గాల్లో తేలుతోందని రాసింది. ఒక ముళ్లపొద నీడ తప్పు వైపు పడుతోందని రాసింది. వాన పడిందని రాయలేదు. దాచాలనుకుని కాదు. అది రాయాల్సిన సంగతని ఆమెకు తోచనే లేదు. తప్పులు రాసే చోట వాన గురించి ఎవరు రాస్తారు?

ఆ తర్వాత మధ్యాహ్నమయితే చాలు, వరసలో అందరూ తమ తమ వీరుల్ని ఎండిన వంక పక్కన కూర్చోబెట్టి, పొట్టు దోపి, డబ్బాలు తెచ్చుకుని అక్కడే తినేవాళ్లు. కిటికీల్లేని ఆ పనిగదిలో, బయట ఆకాశం ఇత్తడి పళ్లెంలా మండుతుంటే, అన్ని తెరల మీదా వాన కురిసేది. ఆ వారంలో వరసలో ఒకరికి జలుబు కూడా చేసిందంటారు.

కానీ అక్కడ ప్రతి తెరా రికార్డవుతుంది. సముద్రాల అవతల ఎవడో పని లేక ఆ రికార్డింగులు తిరగేస్తూ, చచ్చిన నేల మీద వరసగా అన్ని తెరల్లో వాన చూసి కుర్చీలోంచి పడ్డంత పని చేశాడు. రికార్డింగులో చివరి కొద్ది నిమిషాలే ఉంటాయి. వాన, దాని కింద ఊరికే కూర్చున్న వీరులు కనబడుతున్నారు గానీ, అది వాళ్లు ఏం చేస్తే వచ్చిందో కనబడదు. వాళ్లు తెప్పిద్దామని చూస్తే రాలేదు. ఎగిరారు, దూకారు, గొర్రెల్ని తరిమారు, మంత్రాలు విసిరారు. చినుకు రాలలేదు.

హరినాథ్ వచ్చి వరస ముందు నిలబడ్డాడు. "ఎవరికి తెలుసు ఇది?"

"ఆ నేల ఆ పాపది సార్. మాకేం తెలుసు, మేం మంచుకొండ వాళ్లం," అన్నాడు ఆంజి. ఆంజి మంచుకొండ ముఖం చూసి నెల దాటింది.

హరినాథ్ తిరుపాలమ్మ వైపు తిరిగాడు. "తెలిసీ రాయలేదా నువ్వు?"

"తప్పయితే రాస్తా సార్. వాన తప్పెట్లయితాది?"

"అక్కడ పడకూడదమ్మా! కథంతా దాని మీదే నడుస్తుంది. రాజు చనిపోతేగాని శాపం తీరదు. నువ్వేమో మధ్యాహ్నం భోజనానికి వాన కురిపించావు!"

"నేను కురిపీలేదు సార్. అదే కురిసింది."

హరినాథ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "విను. అది ఎలా వస్తుందో వరసగా రాసి ఇవ్వు. వాన పడుతోంది, ఇది తప్పు, తీసెయ్యాలి. ఈ మూడు ముక్కలే. సోమవారానికి ఇస్తే నీలం తాడు నేనే నీ మెడలో వేస్తాను. ఇవ్వలేదనుకో, నా చేతిలో ఏమీ ఉండదు. పసుపు తాడు కూడా ఉండదు."

ఇంకెవరినైనా అడిగి ఉంటే ఎప్పుడో రాసిచ్చేవాళ్లు. కానీ ఆయన అడిగింది తిరుపాలమ్మను. ఊళ్లో ఆమె ఇంటిని ఇప్పటికీ "వానను తిట్టినోళ్ల ఇల్లు" అంటారు.

తిట్టినాయన ఆమె తాత ఎర్రిస్వామి. ఆ ఊళ్లో వానను ఎవరూ పల్లెత్తు మాట అనరు. గోడ కూలినా సరే, "వచ్చినావా తల్లీ" అంటారు. అలాంటి ఊళ్లో ఒక ఏడు చెనక్కాయ బాగా పండి, చెట్లు పీకి కుప్పగా వాము వేసి ఉంచితే, రావాల్సినప్పుడు రాని వాన అప్పుడొచ్చి పట్టుకుంది. వాములోనే కాయ మొలకెత్తింది. ఎర్రిస్వామి వాము ఎక్కి ఆకాశాన్ని తిట్టాడు. ఎంత గట్టిగా తిట్టాడంటే, నేల మీదికి వస్తున్న చినుకులు సగం దారిలో ఆగి, ఇంత మాట పడ్డాక పోవడమెందుకని వెనక్కి మళ్లాయట. ఆ మరుసటి ఏడు వాన లేదు, ఆ పై ఏడూ లేదు. ఊరంతా కూర్చుని, తిట్టినవాడే నెత్తిన కడవ పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి గంజి అడుక్కుని, పొలిమేర రాయి మీద పోసి, లెంపలేసుకుని తప్పయిందనాలని తీర్పు చెప్పారు. ఎర్రిస్వామి అలాగే చేశాడని, అప్పుడే వాన వచ్చిందని ఊరి కథ. వాన వచ్చినా పేరు మాత్రం పోలేదు. బడిలో తిరుపాలమ్మ పక్కన గొడుగు పట్టుకుని కూర్చునే పిల్లలుండేవాళ్లు, వెక్కిరించడానికి.

ఆదివారం నాడు అవ్వా మనవరాలూ వాకిట్లో కూర్చుని చెనక్కాయ చెట్ల నుంచి కాయలు విడిపిస్తున్నారు. నాగలక్ష్మమ్మ కర్ణాటక అంచున ఉన్న గుమ్మఘట్ట నుంచి కోడలిగా వచ్చిన మనిషి. ఇన్నేళ్లయినా కోపమొస్తే సగం మాట కన్నడంలోనే వస్తుంది.

తిరుపాలమ్మ సంగతంతా చెప్పింది. అవ్వ చేతులు ఆపకుండా వింది.

"అయితే ఆ టీవీలో పడే వానను తప్పని రాయాల. అంతేనా?"

"అంతే."

"రాసెయ్యే. ఆ తాడేదో తెచ్చుకో. దుడ్లు వస్తాయి, సుఖంగా ఉంటావు."

తిరుపాలమ్మ ఆశ్చర్యపోయింది. "వానను తప్పంటే తాత గతి పట్టదా అవ్వా? మళ్లీ ఊరు మన ఇంటి మీదికి రాదా?"

అవ్వ చేతిలో చెట్టు కింద పెట్టి, దుమ్ము దులుపుకుంది. "మీ తాత లెంపలేసుకున్న్యాడని ఎవురు చెప్పినారు నీకు?"

"ఊరంతా చెప్తాది గదా."

"ఊరు ఆడ ల్యాదు. నేనుండా. గంజి అడుక్కొచ్చినాడు, నిజమే. రాయి మీద పోసినాడు, నిజమే. పోసి, పైకి చూసి, మళ్లా తిట్టినాడు. 'పంట నాది, తిడతా. వస్తే రా, లేకుంటే పో' అన్న్యాడు. మిగిలిన గంజి ఇద్దరం కూచోని తాగి ఇంటికొచ్చినాం. ఉప్పు చాల్లేదు గానీ బాగుండె."

"మరి వాన?"

"వచ్చినప్పుడు వచ్చింది. దానికి మీ తాత తిట్లు ఒక లెక్కా? ఊరికి ఎవుడో ఒకడు దొరకాల, మీ తాత దొరికినాడు. అందుకే చెప్తాండా. తిట్టినా ఏం కాదు. రాసెయ్."

తిరుపాలమ్మ ఒక కాయ చిదిపి గింజ నోట్లో వేసుకుంది.

"లేదవ్వా. రాయను."

"ఇప్పుడే గదనే చెప్పినా, ఏం కాదని!"

"తాత తన మనసులో ఉండే మాట అన్న్యాడు. ఊరంతా వద్దన్న్యా అన్న్యాడు. నా మనసులో లేని మాట నన్ను అనమంటాండారు. ఆయన తిట్టింది, నేను తిట్టకపోయేది, రెండూ ఒకటే."

నాగలక్ష్మమ్మ మనవరాలి ముఖం ఎగాదిగా చూసింది. "అచ్చం ఆ మొండోడే," అని గొణిగి, చెట్టు అందుకుంది. ఆ తర్వాత ఆమె ఎంత వేగంగా విడిపించిందంటే, కాయలు గంపలో పడే చప్పుడుకు పక్కింటివాళ్లు వాన వచ్చిందనుకుని ఆరేసిన బట్టలు తీసుకున్నారట.

సోమవారం తిరుపాలమ్మ పొద్దున్నే కూర్చుని రిపోర్టు రాసింది. హరినాథ్ ఊపిరి పీల్చుకుని తెరిచి చూశాడు. అందులో ఇలా ఉంది: "చచ్చిన నేల మీద వాన పడ్డాక, నేల పచ్చబడటం లేదు. వాన పడితే గడ్డి మొలవాలి. మొలవలేదు. ఇది తప్పు. దిద్దగలరు."

కింద ఇంకోటి. "వాన పడ్డాక వంక పారడం లేదు. వంకలో ఎర్రనీళ్లు రావాలి." కింద ఇంకోటి. "వాన పడుతుంటే గుడిసెలో మనిషి బయటికి రాలేదు. ఏ మనిషీ అట్లా లోపల కూర్చోడు."

హరినాథ్ తల పట్టుకున్నాడు. అవతలివాళ్లు "ఇది ఇలాగే ఉండాలి" అని రాసి ఆ రిపోర్టులు మూసేశారు. కానీ రిపోర్టు రాసినవాళ్లకు అది మళ్లీ తెరిచే హక్కు ఉంటుంది. తిరుపాలమ్మ తెరిచింది. వాళ్లు మూశారు. ఆమె తెరిచింది. రాత్రి వాళ్లు మూసిపెడితే పొద్దున ఈమె తెరిచిపెట్టేది, కోళ్లగూడు తెరిచినట్టు.

మూడోనాటికి ఆంజి ఊరుకోలేకపోయాడు. "వాన పడ్డాక గొర్రెలు ఒళ్లు విదిలించలేదు. ఎక్కడి గొర్రెలివి?" అని రాశాడు. హేమలత, చూరు కింద ఎవరూ బిందె పెట్టలేదని రాసింది. కుళ్లాయప్ప, కప్ప అరవలేదని రాశాడు. వరసలో ఉన్నవాళ్లందరూ రాశారు. ఆరుద్ర పురుగులు రాలేదని, రెక్కల చీమలు లేవలేదని, దారిన పోయేవాడు గొంగడి కప్పుకోలేదని, చెప్పులు విప్పలేదని. వాన ఎలా తెప్పించాలో మాత్రం ఒక్కరూ రాయలేదు. అవతలి ఆఫీసులో ఆ ఒక్క ప్రాంతం మీద వచ్చిన రిపోర్టులు ఆటలోని సముద్రాలన్నిటి మీద వచ్చినవాటిని మించిపోయాయి.

అప్పుడు తిరుపాలమ్మను మేడ మీదికి పిలిచారు. కిటికీలున్న గది. గోడంత తెర మీద అవతలి దేశం నుంచి పెద్దాయన ఒకడు కనిపించాడు. పక్కన హరినాథ్ చెమటలు తుడుచుకుంటున్నాడు, అంత చలిలో.

పెద్దాయన ఇంగ్లీషులో నిదానంగా అడిగాడు. ఆ నేల మీద వాన పడకూడదని రాసిపెట్టి ఉంది కదా, ఆ సంగతి నీకు తెలియదా అని.

తిరుపాలమ్మ హరినాథ్ వైపు తిరిగింది. "నేను తెలుగులో చెప్తా సార్. మీరు చెప్పండి ఆయనకు. ఒక్క మాట మింగకుండా చెప్పండి."

హరినాథ్ తలూపాడు.

"తెలుసు అని చెప్పండి. మా నేల మీద కూడా వాన పడకూడదనే ఎవరో రాసిపెట్టినారు. ఎవరు రాసినారో మాకు తెలీదు. అయినా అప్పుడప్పుడు పడతాది. పడినప్పుడు దాన్ని తప్పని మేం రాయం."

హరినాథ్ అనువాదం చేశాడు. ఎన్నడూ పైవాళ్లకు ఎదురు చెప్పని ఆ మనిషి, ఒక్క మాట మింగలేదు. చివరి మాట రెండుసార్లు చెప్పాడని, ఆ రెండోది ఎవరూ అడగలేదని తిరుపాలమ్మ తర్వాత ఆంజితో అంది.

పెద్దాయన, అది ఎలా వస్తుందో చెబితే ఉద్యోగం ఖాయమని, చెప్పకపోతే కాంట్రాక్టు ఈ ఆటతోనే ముగుస్తుందని అన్నాడు.

దానికి అనువాదం అక్కర్లేకపోయింది. "ముగియనీ," అంది తిరుపాలమ్మ. "నా ట్యాగు మాత్రం ఇయ్యను. అది నా పేరు."

ఆట బయటికి పోయే గడువు వచ్చేసింది. వానను వెతికి వెతికి అవతలివాళ్లు అలిసిపోయి, ఎవరికీ తెలియని దారి కదా, ఎవరి కంటా పడదులే అని వాన లోపలే ఉండగా ఆటను పంపేశారు. తిరుపాలమ్మ రిపోర్టులన్నీ చివరిసారి మూసేశారు. ఆమె చివరిసారి తెరిచిపెట్టి, కంప్యూటరు ఆపింది.

వెళ్లే ముందు హరినాథ్ దగ్గరికి వచ్చింది. ఆయన చుట్టూ చూసి, మెల్లగా అడిగాడు. "ఆట వెళ్లిపోయింది. ఇప్పుడు రిపోర్టు కోసం కాదు. నాకోసం అడుగుతున్నాను. ఎలా పడుతుంది అది?"

"ఏమీ చెయ్యకూడదు సార్. వంక పక్కన కూచోవాల. గొర్రెలు వచ్చేదాకా ఊరికే కూచోవాల. అంతే."

హరినాథ్ ముఖం వాడిపోయింది. "వెళ్లేటప్పుడు కూడా వెటకారమేనా తిరుపాలమ్మా?"

ఆ భవనంలో ఊరికే కూర్చోవడమనే మాటను నిజంగా ఎవరూ నమ్మరు. తిరుపాలమ్మ పొడవాటి ట్యాగు మెడలో వేసుకుని మెట్లు దిగి, పక్క గేటు వైపు తిరగకుండా సరాసరి ముందు గేటుకే పోయింది. పసుపు తాడు చూసి గేటు తెరుచుకోలేదు. కాపలా ఓబులేష్ లేచాడు, అటూ ఇటూ చూశాడు, తన కార్డు తీసి గీటురాయికి బంగారం గీసినట్టు యంత్రం మీద గీశాడు. గేటు తెరుచుకుంది.

"ఎవరైనా అడిగితే ఏం చెప్తావన్నా?" అంది తిరుపాలమ్మ.

"మేకలు తుమ్మితే తెరుచుకున్యాదని చెప్తా. పో పాపా."

ఇప్పుడు తిరుపాలమ్మ కదిరిలో, బస్టాండు వెనక బట్టల అంగడి మేడ మీద ఒక గదిలో పని చేస్తోంది. కొద్దిరోజులకు ఆంజి కూడా మానేసి వచ్చాడు, తర్వాత హేమలత. ఊరూ పేరూ లేని చిన్న చిన్న కంపెనీల ఆటలు తెచ్చుకుని విరగ్గొట్టి ఇస్తారు. కొన్ని నెలలు గడవడం కష్టమే. గదికి మూడు వైపులా కిటికీలు. తలుపు మీద ఆమె పేరు పూర్తిగా ఉంటుంది, చివరి అక్షరం గోడ మీదికి పోయింది. పగలు వాన వస్తే అందరూ పని ఆపి మిద్దె మీదికి పోవాలని ఒకే ఒక్క నియమం. ఇంతవరకు దానివల్ల పనికి పెద్ద నష్టమేమీ రాలేదు, అది వేరే సంగతి.

ఒక ఆదివారం మధ్యాహ్నం అవ్వతో కలిసి అన్నం తింటుంటే ఫోన్ మోగింది. హరినాథ్.

"తిరుపాలమ్మా," అన్నాడు. వెనక ఏదో చప్పుడు వినిపిస్తోంది, టపటపమని.

"చెప్పండి సార్."

"ఇంట్లో ఎవరూ లేరు. వంక పక్కన ఊరికే కూర్చున్నాను. గొర్రెలొచ్చాయి."

అవ్వ చెయ్యి కంచంలో ఆగింది. తిరుపాలమ్మ ఫోన్ ఇద్దరి చెవుల మధ్యా పెట్టింది. ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు.

"చెప్పులు ఇడిసినారా సార్?" అని అడిగింది తిరుపాలమ్మ.